కడలి అడుగున నడిచిన విలియం బీబీ

ఉష్ణమండల ద్వీపాల చెంత లంగరు వేసిన ఓడలోనే వారమో పది దినాలో నివసించి, పగటివేళ సముద్రంలో మునిగి పగడపు దిబ్బల నడుమ సంచరించి, రాత్రి మరల ఆ ఓడ మీదనే భుజించి నిద్రించే యాత్రలు నేడు లోకంలో ఎన్నో జరుగుతున్నాయి. గాలపాగోస్ ద్వీపాలకు, హవాయి ద్వీపాలకు ఇట్టి ఓడలు పోతూ ఉంటాయి. ఆ యాత్రికులు వీపున గాలి సిలిండరు కట్టుకొని చేపలతో సమానంగా ఈదుతారు. ఆ సిలిండరులో ఉండేది కేవలం ప్రాణవాయువని చాలామంది పొరబడతారు. సాధారణంగా అందులో ఉండేది మనం పీల్చే గాలే, అదిమి నింపినది. ఈ సాధనాన్ని ఫ్రాన్సు దేశీయులు జాక్ కూస్తో, ఎమిల్ గగ్నాన్ 1943లో సిద్ధం చేశారు. దానికి పద్ధెనిమిది ఏళ్ల ముందే, అమెరికా దేశీయుడు ఒకరు ఓడనే ఇల్లుగా, పాఠశాలగా చేసుకొని, తలపై రాగి శిరస్త్రాణం ధరించి గాలపాగోస్ సముద్రపు అడుగున నడిచారు. ఆయన పేరు విలియం బీబీ.

బీబీ 1877 జూలై 29న న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో జన్మించారు. బాల్యం న్యూజెర్సీ రాష్ట్రంలోని ఈస్ట్ ఆరెంజ్ అనే ఊరిలో గడిచింది. ఆ కాలంలో అక్కడ పొలాలు, అడవులు ఇంటికి చేరువలోనే ఉండేవి. బాలుడైన బీబీ పక్షులను, కీటకాలను వెదుకుతూ తిరిగేవారు; వీలు చిక్కినప్పుడల్లా న్యూయార్కు నగరంలోని ప్రకృతి శాస్త్ర ప్రదర్శనశాలకు పోయేవారు. పెద్దవారైన పిమ్మట కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు గాని పట్టా పొందలేదు. 1899లో న్యూయార్కు బ్రాంక్స్ జంతుప్రదర్శనశాల తెరచే సమయానికి అక్కడి పక్షుల విభాగంలో ఉద్యోగం రాగా, చదువు విడిచి అందులో చేరిపోయారు. పట్టా లేని ఈ శాస్త్రజ్ఞునికి 1928లో రెండు విద్యాసంస్థలు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. అయినను పట్టా లేదన్న మాట ఆయనను జీవితాంతం వెంటాడింది. దాని ప్రస్తావన మరల వస్తుంది.

మొదట ఆయన పక్షిశాస్త్రజ్ఞులు. 1909 డిసెంబరులో భార్య మేరీ బ్లేర్‌తో కలిసి ఫెజెంట్ అనే పక్షిజాతులను వెదుకుతూ బయలుదేరి, 17 నెలల పాటు అనేక దేశాలు తిరిగారు. ఫెజెంట్లు అంటే మనకు ఎవరో కారు. మన నెమలి, మన అడవికోడి ఆ కుటుంబానివే. సింహళం, మన హిమాలయ సానువులు, బర్మా, బోర్నియో, చైనా, జపాన్ ఈ ప్రయాణంలో ఉన్నాయి. ఆ శ్రమ ఫలితంగా 1918 నుండి 1922 వరకు నాలుగు బృహత్సంపుటాలు వెలువడ్డాయి. నడుమ మొదటి ప్రపంచ యుద్ధం రావడం చేత ముద్రణ ఆలస్యమైంది.

ఆ ప్రయాణం తరువాత ఆయన పద్ధతి మారింది. దేశదేశాలు తిరిగి జంతువులను పట్టి తెచ్చి, పేరు పెట్టి, అద్దాల పెట్టెలో ఉంచడం ఆ కాలపు ఆచారం. ఒక్క చోట కూర్చుండి, అక్కడి ప్రాణులు దేనిని తింటున్నవో, దేనికి వెరుస్తున్నవో, ఒకదానితో ఒకటి ఎట్లు ముడిపడి ఉన్నవో చూడాలని బీబీ సంకల్పించారు. 1916లో దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానాలో, అడవి నడుమ, పరిశోధన కేంద్రం నెలకొల్పారు. అక్కడ చదరపు మైలులో నాలుగో వంతు మాత్రమే ఉన్న అడవి ముక్కను ఎంచుకొని, ఏళ్ల తరబడి దానినే పరిశీలించారు. చిన్న చోటును లోతుగా చూడాలన్న ఈ అలవాటే తరువాత ఆయనను సముద్రంలోనికి దింపింది.

1923లో నోమా అనే ఆవిరి ఓడలో ఆయన గాలపాగోస్ ద్వీపాలకు వెళ్లారు. దక్షిణ అమెరికాకు పడమరగా, పసిఫిక్ మహాసముద్రంలో, భూమధ్యరేఖ మీద ఉన్న అగ్నిపర్వత ద్వీపాలవి. దాదాపు తొంభై ఏళ్లకు పూర్వం ఛార్లెస్ డార్విన్ చూసిన ద్వీపాలే. మంచినీరు తరిగిపోయి నడుమ ఓడ పనామాకు పోవలసి వచ్చింది. ద్వీపాలలో ఆయన గడిపినది కొద్ది కాలమే. అయినను ఆ యాత్రను గురించి రాసిన గ్రంథాన్ని పాఠకులు విరగబడి కొన్నారు. ఇక మరల పోకుండా ఎట్లు ఉండగలరు?

1925 ఫిబ్రవరిలో ఆర్క్‌టురస్ అనే పెద్ద ఓడ న్యూయార్కు నుండి బయలుదేరింది. ఓడ పైన ప్రయోగశాల, బతికిన చేపలకు నీటి తొట్లు, చిత్రకారులకు గది, వలలను లోతుకు దించే యంత్రాలు ఉన్నాయి. ఓడ పక్కన సముద్రం మీదికి చాచిన పొడవైన దూలం ఒకటి అమర్చారు. శాస్త్రజ్ఞులు దాని మీదకు నడిచి వెళ్లి, ఓడ నీడ పడని నీటిలోని ప్రాణులను చూసేవారు. అందరూ ఆరు నెలల పాటు ఆ ఓడలోనే నివసించారు. మొదట వారు అట్లాంటిక్ మహాసముద్రంలోని సర్గాసో సముద్రానికి పోయారు. అక్కడ నాచు దట్టంగా అల్లుకొని ఓడలను సైతం ఆపివేస్తుందని పూర్వులు చెప్పుకొనేవారు. వెళ్లి చూస్తే తుపానులకు నాచు చెదిరిపోయి ఉన్నది! అనుకున్నది దొరకలేదని చింతించక, పనామా కాలువ దాటి గాలపాగోస్ వైపు సాగిపోయారు. అక్కడనే బీబీ రాగి శిరస్త్రాణం ధరించి నీటిలోనికి దిగడం ఆరంభించారు.

ఆ సాధనం ఎట్టిదో తెలుసుకోవాలంటే మీరే ఒక పరీక్ష చేయవచ్చు. గాజు గ్లాసు అడుగున కాగితం ఉండగా చేసి గట్టిగా కుక్కండి. గ్లాసును బోర్లించి, బకెట్ నీటిలో నిలువుగా ముంచండి. బయటికి తీసి చూస్తే కాగితం తడవదు. లోపలి గాలి నీటిని రానివ్వలేదు. బీబీ శిరస్త్రాణం అట్టి గ్లాసే. అడుగు తెరిచి ఉన్న రాగి డిప్ప. ముఖం ఎదుట గాజు కిటికీ. అది భుజాల మీద నిలుస్తుంది. బరువు సుమారు 60 పౌన్లు, అనగా 27 కిలోలు. అంత బరువు లేకుంటే లోపలి గాలి దానిని పైకి లేపివేస్తుంది. పైన పడవలోని వారు చేతిపంపుతో గాలిని కొడుతూ ఉంటారు. ఆ గాలి రబ్బరు గొట్టం ద్వారా డిప్పలోనికి వచ్చి, అడుగు నుండి బుడగలుగా బయటికి పోతుంది. నీరు గడ్డం దిగువన నిలిచి ఉంటుంది.

పంపు ఆగరాదు. ఎందుకంటే లోతుకు పోయిన కొద్దీ నీరు గాలిని అదుముతుంది. 33 అడుగుల లోతున గాలి సగానికి కుంచించుకొని పోతుంది. పైనుండి కొత్త గాలి రాకపోతే నీరు ముక్కు దాకా ఎక్కుతుంది. గ్లాసును పక్కకు వంచితే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. కనుక అడుగున గవ్వ కనిపించిందని నిర్లక్ష్యంగా తల వంచరాదు, మోకాళ్ల మీద నిటారుగా కూర్చొని అందుకోవాలి. చెవులలో నొప్పి పుడితే గుటకలు వేయాలి. ఆపద వస్తే డిప్పను తల నుండి తోసివేసి పైకి ఈదాలి. అట్లు ఈదేటప్పుడు ఊపిరి బిగపట్టరాదు. పైకి వచ్చిన కొద్దీ ఛాతీలోని గాలి ఉబ్బి ఊపిరితిత్తులకు గాయం చేస్తుంది. నేటి మునకరులకు కూడా మొదట నేర్పే పాఠం ఇదే.

ఇంత జాగ్రత్తతో నిచ్చెన దిగి, అడుగున నిలిచి చుట్టూ చూసినప్పుడు బీబీకి కలిగిన ఆశ్చర్యం ఆయన గ్రంథాలలో పుటపుటా కనిపిస్తుంది. అంతవరకు శాస్త్రజ్ఞులకు సముద్రజీవులు వల నుండి ఓడ మీద పడిన ప్రాణులే. రంగు వెలసి, కన్నులు ఉబ్బి, చనిపోయినవి. ఇక్కడ చేపలు గుంపులుగా తిరుగుతూ, కొట్లాడుతూ, దాగుతూ, వింత మనిషిని చూడడానికి దగ్గరకు వచ్చేవి. సీసపు పెన్సిలుతో జింకు రేకు మీద ఆయన నీటిలోనే చూసినది రాసుకొనేవారు. సొర చేపలు కనబడగానే మనిషిని మింగుతాయని అందరూ నమ్మే కాలమది. ఆయన వాటి నడుమ ఎన్నో మార్లు నిలిచి, అవి తనను పట్టించుకోక పోతున్నాయని గ్రహించి, భయం విడిచారు. (ఇది చదివి ఎవరూ సొర చేపలతో సాహసం చేయరాదు. ఆయనకు వాటి నడవడి చూసి తెలుసుకొనే ఓర్పు ఉన్నది.)

నిజమైన ప్రాణాపాయం ఆ యాత్రలో నీటిలో రాలేదు, నేల మీద వచ్చింది. 1925 ఏప్రిల్‌లో ఆల్బెమార్ల్ ద్వీపంలో అగ్నిపర్వతం పేలి లావా ప్రవహించసాగింది. బీబీ, సహాయకులు జాన్ టీ-వాన్ దానిని చూడాలని నల్లని లావా రాళ్ల మీదుగా ఎక్కారు. ఎండ, నేల వేడి, విషవాయువులు కలిసి వారిని దాదాపు చంపివేశాయి. తుదకు ఎట్లో ఓడ చేరుకున్నారు.

1927లో బీబీ కరీబియన్ సముద్రంలోని హైతీ దేశానికి పోయారు. లెఫ్టినెంట్ అనే తెరచాపల ఓడను పోర్టోప్రిన్స్ అఖాతంలో లంగరు వేసి, దానినే నివాసంగాను పరిశోధనశాలగాను చేసుకున్నారు. ఉదయం చిన్న పడవలో పగడపు దిబ్బలకు పోవడం, దిగి చూడడం, మధ్యాహ్నం ఓడకు వచ్చి చూసినది రాయడం, పట్టిన చేపల రంగులు మాయకముందే చిత్రాలు వేయించడం: ఇదీ నిత్యకృత్యం. ఆ యాత్రలో బృందం మొత్తం 300కు మించి మార్లు నీటి అడుగుకు దిగింది. నీరు చొరని ఇత్తడి పెట్టెలో కెమెరా ఉంచి ఫోటోలు తీశారు. శిరస్త్రాణంలో టెలిఫోను అమర్చి, కింద చూసినది పైవారికి చెప్పి రాయించారు. పొరుగున ఉన్న ప్యూర్టోరికో దీవిలో 400 ఏళ్లలో ఎన్ని రకాల చేపలను లెక్కించారో, దాదాపు అన్నింటిని హైతీలో వీరు నూరు దినాలలోపల లెక్కించారు. సామాన్యులు కూడా ఇట్టి డిప్పను సంపాదించి ఒకసారి సముద్రంలోనికి తొంగిచూడాలని, చూడకుండా జీవితం ముగించరాదని బీబీ ఎంతో కోరుకున్నారు.

ఆయన బృందంలో స్త్రీలు అనేకులు ఉండేవారు. చిత్రకారిణి ఇసబెల్ కూపర్, చేపల శాస్త్రంలో నిపుణురాలు మేరీ ఫిష్, యాత్రా చరిత్ర రాసే రూత్ రోజ్ ఆర్క్‌టురస్‌లో పయనించారు. ఓడ మీద ఆడవారికి ఏమి పని అని పత్రికలు వెక్కిరించాయి. బీబీ లక్ష్యపెట్టలేదు. పని చేయగలవారిని ఆయన ఎంచుకునేవారు, అంతే. ఆ రూత్ రోజ్ అదే ఓడలో పరిచయమైన ఛాయాగ్రాహకుడు ఎర్నెస్ట్ షోడ్‌సాక్‌ను పెండ్లాడి, తరువాత 1933లో వచ్చిన కింగ్ కాంగ్ చిత్రానికి కథనం సమకూర్చారు. ఓడలో దూరదీవికి పోయే బృందం కథ ఆమెకు ఎక్కడి నుండి అబ్బిందో ఊహించుకోవచ్చు!

రాగి డిప్పతో సుమారు 60 అడుగులకు మించి పోవడం క్షేమం కాదు. దిబ్బ అంచున నిలిచి చూస్తే కింద నీలం, దాని కింద చీకటి. అందులో ఏమున్నది? ఈ ప్రశ్న బీబీని వదలలేదు. ఆ సమయంలో ఆటిస్ బార్టన్ అనే ఇంజనీరు ఒక ఉపాయంతో ఆయన వద్దకు వచ్చారు. ఉక్కుతో బోలు గోళం పోతపోసి, తీగతాటితో ఓడ నుండి దించాలి. గోళాకారమే ఎందుకంటే నీటి ఒత్తిడి అన్ని వైపుల సమానంగా పడి, ఏ ఒక్క చోటునూ నొక్కివేయదు. ఖర్చు బార్టన్ భరించారు. మొదట పోసిన గోళం 5 టన్నుల బరువై ఓడ యంత్రం దించలేకపోయింది. దానిని కరిగించి చిన్నదిగా మరల పోయవలసి వచ్చింది. రెండవ దాని వెడల్పు 4 అడుగుల 9 అంగుళాలు. గోడ మందం అంగుళంన్నర. కిటికీలకు గాజు చాలదని 3 అంగుళాల మందం గల స్ఫటికపు దిమ్మలు అమర్చారు. లోపల ఇద్దరు మోకాళ్లు ముడుచుకొని కూర్చోవాలి. ప్రాణవాయువు సీసాలలో ఉండేది. వదిలిన ఊపిరిలోని చెడుగాలిని, తేమను పీల్చుకునే రసాయనాలు పళ్లాలలో ఉండేవి. ఆ గాలిని కదిలించేది ఏమనుకున్నారు? తాటాకు విసనకర్రలు!

బెర్ముడాలోని నాన్‌సచ్ అనే చిన్న దీవి వారికి స్థావరమైంది. 1930 జూన్ 6న బీబీ, బార్టన్ మొదటిసారి దిగారు. 400 పౌన్ల తలుపును పెద్ద మరలతో బిగించారు. టెలిఫోను తీగ పై కొసన గ్లోరియా హాలిస్టర్ అనే శాస్త్రజ్ఞురాలు కూర్చొని కింది మాట ప్రతిదీ రాసుకుంటున్నారు. 300 అడుగుల వద్ద తలుపు సందు నుండి నీరు సన్నగా కారసాగింది. ఎవరైనా పైకి లాగమని అరుస్తారు. బీబీ త్వరగా కిందికి దించమన్నారు. లోతు పెరిగితే నీరే తలుపును మరింత గట్టిగా అదుముతుందని ఆయన తర్కం. అట్లే జరిగింది, ధార హెచ్చలేదు. 803 అడుగుల వద్ద ఎందుకో మనసు చాలునన్నది. అక్కడ ఆగి తిరిగి వచ్చారు. ఇంకా పోగలిగి ఉండి ఆగడం ఆయన ధైర్యంలోని భాగమే అని నాకు తోస్తుంది. అయిదు దినాల తరువాత 1,426 అడుగులకు దిగారు.

ఆ ఒత్తిడి ఎంతటిదో 1932లో తెలిసివచ్చింది. మనుషులు లేకుండా పరీక్షగా దించిన గోళం నీరు నిండి పైకి వచ్చింది. మరను విప్పుతుండగా అది తుపాకి గుండు వలె ఓడ మీద దూసుకుపోయి ఇనుప యంత్రాన్ని తాకింది. ముందే అందరినీ పక్కకు తొలగమన్నారు కనుక ఎవరికీ హాని కలగలేదు. అదే ఏడు సెప్టెంబరు 22న, సముద్రం అల్లకల్లోలంగా ఉండగా, గోళం లోపలి నుండి బీబీ మాటలను రేడియోలో దేశమంతా విన్నది. ఆ దినం వారు 2,200 అడుగులకు చేరారు. 1934 ఆగస్టు 15న చేరినది 3,028 అడుగులు, అనగా 923 మీటర్లు. ప్రతి చదరపు అంగుళం మీద 600 కిలోలకు మించిన బరువు! తీగతాడు చక్రం మీద కొద్ది చుట్లే మిగిలి ఉండగా పైవారు ఆపివేశారు. అంత లోతుకు పోయి ప్రాణాలతో తిరిగి వచ్చినవారు అంతకు ముందు ఎవరూ లేరు. ఆ హద్దును 1949లో బార్టనే మరొక గోళంలో దాటారు.

కింద ఆయన చూసినది ఏమి? సూర్యకాంతిలోని ఎరుపును నీరు మొదట మింగివేస్తుంది. పిమ్మట నారింజ, పసుపు, ఆకుపచ్చ ఒక్కొక్కటే మాయమవుతాయి. పైన ఎర్రగా ఉన్న రొయ్య లోతులో నల్లగా కనబడుతుంది. తుదకు మిగిలేది నీలం. పేరు పెట్టలేని, కన్నులను నింపివేసే నీలం. రెండు వేల అడుగుల దిగువన అదీ లేదు. ఆ చీకటిలో ప్రాణులే దీపాలు వెలిగించుకొని తిరుగుతున్నాయి. ఒక రొయ్య కిటికీకి తగిలి, వెలుగు మేఘాన్ని వెదజల్లి పారిపోయింది. ఈ విశేషాలను విని ఎల్సే బోస్టెల్‌మన్ అనే చిత్రకారిణి బొమ్మలు గీశారు. గీసినది బీబీకి చూపడం, ఆయన దిద్దడం, మరల గీయడం. అట్లు తయారైన చిత్రాలు నేటికీ అబ్బురపరుస్తాయి.

అయితే అందరూ నమ్మలేదు. మేని మీద అయిదు కాంతిరేఖలు గల చేపను చూశానని బీబీ చెప్పి దానికి పేరు కూడా పెట్టారు. ఆ చేప వలకు చిక్కలేదు, ఫోటోకు అందలేదు, నేటి వరకు మరెవరికీ కనబడలేదు. కిటికీ మీద ఊపిరి ఆవిరి పట్టి, చెదిరిన కాంతిని చేపగా భ్రమించారని కొందరు చేపల శాస్త్రజ్ఞులు అన్నారు. పట్టా లేనివాని మాట కదా అని చులకన చేసినవారూ ఉన్నారు. ఈ రెండవ మాట అన్యాయం. మొదటిది కాదు, శాస్త్రం సాక్ష్యం అడుగుతుంది. కొన్ని నిమిషాలు మాత్రమే కనబడి పోయిన దానికి సాక్ష్యం ఎక్కడిది? వెలుగు వెదజల్లే రొయ్య వంటివి నిజమని తరువాతివారు నిర్ధారించారు. ఆ అయిదు రేఖల చేప సంగతి తేలలేదు. సముద్రం లోతులలో మానవుడు చూసినది ఇంకను స్వల్పమే.

ఆ తరువాత బీబీ గోళంలో మునిగి రికార్డుల కొరకు ప్రయత్నించలేదు. 1936లో జాకా అనే ఓడలో కాలిఫోర్నియా సింధుశాఖకు, మరల మధ్య అమెరికా పడమటి తీరానికి యాత్రలు చేశారు. 1944లో ప్రకృతి రచనల సంకలనం కూర్చుతూ, అప్పటికి అంతగా పేరు రాని రేచెల్ కార్సన్ రచనకు అందులో చోటిచ్చారు. ఆమెను సముద్రంలోనికి దిగి చూడమని ప్రోత్సహించారు. 1949లో ఫ్లోరిడా తీరాన ఆమె అట్టి శిరస్త్రాణమే ధరించి దిగారు. క్రిమిసంహారక మందుల ప్రమాదాన్ని లోకానికి తెలిపిన కార్సన్ ఆమెయే.

1949లో, డెబ్బది ఏళ్లు దాటిన వయసులో, బీబీ ట్రినిడాడ్ దీవిలోని అరీమా లోయలో ఒక ఇల్లు, అడవి కొని పరిశోధన కేంద్రంగా మార్చారు. దాని పేరు సిమ్లా; మన హిమాలయ పట్టణం పేరే. అక్కడ చీమలను, సీతాకోకచిలుకలను, పక్షులను చూస్తూ 1962 జూన్ 4న కన్నుమూశారు.

ఆ ఉక్కు గోళం న్యూయార్కు నగరంలో, కోనీ ఐలాండ్‌లోని అక్వేరియంలో ఉన్నది. నీలి రంగు పూసిన ఆ గోళాన్ని చూసినవారు మొదట అనేది ఒకటే: ఇంత చిన్నదా! దాని కిటికీలోనుండి లోపలికి చూసి, ఇద్దరు మనుషులు, టెలిఫోను, ప్రాణవాయువు సీసాలు, రెండు విసనకర్రలు అందులో ఎట్లు పట్టాయో లెక్క కట్టుకోవచ్చు.